ఉన్ని మడతకు తగిన రాయి

లేని సరుకుకు బేరమాడి, ఆ బేరంలో గెలిచి, గెలిచిన సంతోషంలో బస్సెక్కి, సగం దారిలో సరుకు లేదన్న సంగతి గుర్తు తెచ్చుకున్న మనిషిని నేను. ఈ ప్రయాణం అక్కడ మొదలైంది.

రెండువేల రెండులో, ఎండలు ముదరకముందు, బెంగళూరులో ఒక జపాను ఆవిడ రెండు రోజులు కాగితం మడతలు నేర్పింది. జిగురు, దారం లేకుండా ఒక్క కాగితాన్ని మడిచి పెట్టె చేయడం, మడిచిన కాగితాన్ని అక్కడక్కడ కత్తిరించి విప్పితే జాలీ కిటికీలాగా రావడం. అనంతపురంలో బడి ఆడపిల్లలకు కుట్లు, అల్లికలు నేర్పేదాన్ని కాబట్టి నేనూ పోయాను. తాడిపత్రిలో మా నాయనది కిరాణా అంగడి. నాకు అక్షరాల కంటే ముందు పొట్లం కట్టడం వచ్చింది. పావుకిలో కందిపప్పును పాత పేపర్లో దారం లేకుండా కడితే, మిద్దె మీదనుంచి పడేసినా ఊడదు. జపాను ఆవిడ ఆ పొట్లం చూసి నాకు వంగి దండం పెట్టింది. నా తల ఆ రోజు తిరగడం మొదలుపెట్టింది.

అది తిరుగుతుండగానే శారదమ్మ కలిసింది. ఆమెకు బెంగళూరులో దీపాల అంగడి ఉంది. నేను చేసిన కాగితపు లాంప్ షేడ్ చూసింది. ఒక మిట్ట మడత, ఒక పల్లం మడత వరసగా వేసి, మధ్యలో ఆకుల్లాగా కత్తిరించి, బల్బు చుట్టూ నిలబెట్టేది. చూసి, ఫ్యాను స్విచ్చి వేసింది. షేడ్ పక్కకు ఒరిగి, బల్ల దిగి, గది దాటి పోయింది.

"కాగితం కాబట్టి పోయింది. మా జిల్లా గొర్రె ఉన్నితో చేస్తే కదలదు" అన్నాను.

"చేసినారా?"

"చేశాను" అన్నాను. చేయలేదు.

ఆమె ఒక రేటు చెప్పింది. రేటు వినపడితే నా నోరు నా మాట వినదు. అరగంటలో ఆ రేటును సగానికి సగం పెంచి, ముప్పై షేడ్లకు ఒప్పించాను. ఆమె ఒకే ఒక్క షరతు పెట్టింది. వచ్చే శనివారం హిందూపురంలో వాళ్ల చెల్లెలింట్లో బారసాల. సాయంత్రం నాలుగింటికి ఒక్క షేడ్ తెచ్చి ఫ్యాను కింద నిలబెట్టాలి. నిలబడితే ముప్పై. పడితే తన అంగడి గడప తొక్కవద్దు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "మీ నాయన కూడా లేని పప్పుకు పొట్లం కట్టలేదే" అన్నాడు.

ఉన్ని గుడ్డ చేయడం నాకు తెలుసు. ఉన్నిని పొరలుగా పరిచి, వేడి కుంకుడు రసం చల్లి, చాపలో చుట్టి కాళ్లతో దొర్లిస్తే, నేయకుండానే గట్టి గుడ్డ అవుతుంది. ఇంగ్లీషులో ఫెల్ట్ అంటారు. మా ఇంట్లో దాని పేరు తొక్కుడు గుడ్డ. తెలియనిదల్లా దాన్ని మడవడం. మడత పెట్టి చెయ్యి తీస్తే, మధ్యాహ్నం నిద్రపోయిన మనిషిలాగా మెల్లగా లేచి కూర్చుంటుంది. కత్తిరిస్తే అంచులు గజ్జికుక్కలాగా వెంట్రుకలు రాలుస్తాయి. ఇస్త్రీ పెట్టాను. ఇల్లంతా కాలిన వాసన వచ్చిందే కానీ మడత రాలేదు.

అట్లా గురువారం పొద్దున ఏడుంబావుకు అనంతపురంలో ప్యాసింజరెక్కాను. సంచిలో పనికిరాని తొక్కుడు గుడ్డ ఒకటి, కుంకుడుకాయలు కిలో, ఒక జత చీరలు. నా లెక్క ఇది. ధర్మవరంలో పట్టుచీరల మగ్గాలకు అట్టలు కొట్టేవాళ్లుంటారు. మగ్గం పైన దండలాగా వేలాడే ఆ అట్టల్లో ఏ బొక్క ఎక్కడుందో దాన్నిబట్టి చీర అంచున నెమలో మామిడిపిందో వస్తుంది. అట్టకు అంత నున్నగా బొక్క కొట్టేవాళ్లు నా గుడ్డకు కొట్టలేరా? కత్తిరింపు సంగతి ధర్మవరంలో, మడత సంగతి పెనుకొండలో ఉన్ని పని తెలిసిన ఒక అవ్వ దగ్గర, బేరం సంగతి హిందూపురంలో. మూడూ ఒకే రైలు దారిలో ఉన్నాయి. ఇంత చక్కటి లెక్క వేసుకున్నప్పుడల్లా నేను నష్టపోయాను, ఆ సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

ఎదుటి సీట్లో బత్తలపల్లి ఆమె ఒకతె ఎక్కడికని అడిగింది. ధర్మవరం, కానీ చీరలకు కాదు అని చెప్పాను. "ధర్మవరానికి చీరకు గాక ఇంకెందుకు పోతారమ్మా, కోర్టు కేసా?" అని జాలిగా చూసింది.

ఎనిమిదిన్నరకు దిగి, స్టేషను బయట ఉగ్గాని, రెండు బజ్జీలు తిన్నాను. మూడో బజ్జీ ఊరికే వేయించుకున్నాను. ఈ దారిన వచ్చేవాళ్లకు నా సలహా, ఉగ్గాని పెద్ద గిన్నె అడుగు పట్టేముందు అడగండి, ఆ వేళకు బజ్జీల మీద మనసు మెత్తబడి ఉంటారు.

అట్టలు కొట్టే రామాంజనేయులు సన్నటి సందులో, సగం చీకటి గదిలో ఉన్నాడు. యాభై ఏళ్ల మనిషి, కళ్లద్దాలు ముక్కు చివర. గుడ్డను రెండువేళ్లతో ఎత్తి, చచ్చిన పిల్లిని చూసినట్టు చూశాడు. నేను బతిమాలితే మిషనులో పెట్టి తొక్కాడు. టక్కుమనాల్సింది గుక్కుమంది. బొక్క పడలేదు. గుడ్డ లోపలికి పోయింది, బయటికి రాలేదు. తరవాత గంటసేపు ఆయన పిన్నీసుతో ఒక్కో పోగూ పీకుతూ కూర్చున్నాడు, నేను టార్చిలైటు పట్టుకుని నిలబడ్డాను.

"అట్ట చెప్పిన మాట ఇంటాదమ్మా. కోస్తే కోసినట్టుంటాది" అన్నాడు పీకుతూనే. "ఇదేంది, ఎగస్పార్టీ మాదిరి ఈడ నొక్కితే ఆడ లేస్తాండాది."

డబ్బు తీసుకోలేదు. మళ్లీ రావద్దని మాత్రం మర్యాదగా చెప్పాడు.

కత్తిరింపు సంగతి అట్లా తేలకపోయినా, ధర్మవరంలో ఇంకో పని ఉంది. మడతల మధ్య పెట్టడానికి పల్చటి, గట్టి ప్లాస్టిక్ కావాలి, లేకపోతే తడి ఉన్ని మడతకు మడత అంటుకుంటుంది. పట్టుచీరలు పెట్టే కవర్లు దానికి సరిగ్గా సరిపోతాయి. ఒక అంగట్లో కూర్చుని పదకొండు నుంచి ఒంటిగంట దాకా నలభై చీరలు విప్పించాను. ఒక్కో చీర కవరు తీసి పక్కన పడేస్తుంటే నేను వాటినే లెక్కపెడుతున్నాను. చివరికి చీర వద్దు, ఆ కవర్లలో ఒక ఆరు ఇవ్వమన్నాను. అంగడాయన నన్నూ, కవర్లనూ, చీరల కుప్పనూ చూసి, "నేను ముప్పై ఏండ్లుగా ఈ గద్దె మీద కూర్చుంటాండా, ఇట్లాంటి కొనుగోలు చూడలేదు" అని ఆరు కవర్లు ఇచ్చాడు. ఏడోది నేనే తీసుకున్నాను.

ఆ గెలుపు ఊపులోనే ఒక తోళ్ల వ్యాపారి దగ్గర ఉన్ని బేరం చేశాను. గొర్రెలవాళ్లు చెప్పే ధరలో సగానికి నాలుగు కిలోలు. ఆయన పెద్దగా పెనుగులాడలేదు. బేరంలో ఎదుటివాడు పెనుగులాడలేదంటే లేచి వచ్చేయాలని మా నాయన నాకు పాతికసార్లు చెప్పి ఉంటాడు. నేను లేవలేదు. బస్టాండు దగ్గర లాడ్జిలో ఆ మూటను తలకింద పెట్టుకుని హాయిగా నిద్రపోయాను. ఏదో సున్నం వాసన వచ్చింది, గోడకు కొత్తగా కొట్టారేమో అనుకున్నాను.

శుక్రవారం పొద్దున ఆరున్నర బండికి పెనుకొండ. కోట కొండ ఎండకు ఎర్రగా ఉంది. కోట చూడాలనుకునేవాళ్లు మంచినీళ్లు, టోపీ తెచ్చుకోండి. నేను చూడలేదు. స్టేషను నుంచి పట్టాల వెంబడే రెండు మైళ్లు నడిస్తే ఒక పల్లె. అక్కడ మా బడి ఆయమ్మకు పెద్దమ్మ ఈరమ్మవ్వ ఉంది. గొర్రెలు కాసే ఇల్లు. ఆమె చిన్నప్పటి నుంచి ఉన్ని ఏకడం, వడకడం చేసినది. వయసు ఎంతని అడిగితే "పండ్లు పోయి పదేండ్లాయ" అంటుంది.

ముందు నా మూట విప్పింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్లీ మూట కట్టేసింది.

"ఇది సచ్చిన గొర్రెది పాపా" అంది. "తోలు సున్నంలో నానేసి పీకినారు. ఎంత తొక్కినా కలవదు."

నేను ఒప్పుకోలేదు. డబ్బులు పెట్టి కొన్నదాన్ని ఒప్పుకోవడం మా వంశంలో లేదు. గంటసేపు కుంకుడు రసం పోసి తొక్కాను. చాప విప్పితే తలంటు పోసుకున్న ముసలామె జడలాగా జారిపోయింది. ఈరమ్మవ్వ ఆ నాలుగు కిలోలూ గోడవారగా పెట్టింది. దిండుకు పనికొస్తుందట. తరవాత లోపలికి పోయి, ఆ నెలలోనే కత్తిరించిన నల్ల ఉన్ని తెచ్చి ముందు పెట్టి ధర చెప్పింది. నేను అలవాటుకొద్దీ తగ్గించమన్నాను. ఐదు రూపాయలు పెంచింది. ఇదేమన్యాయమన్నాను. ఇంకో ఐదు పెరిగింది. మూడోసారి నోరు తెరిచి, ఆమె ముఖం చూసి, ఆవలింతగా మార్చుకున్నాను. నా జీవితంలో పైకి పోయిన బేరం అదొక్కటే.

ఉన్ని పరుస్తుంటే ఆమెకు నా పని అర్థమైంది. నేయకుండా తొక్కేదా అని నవ్వింది. వాళ్లాయన ముళ్లు గుచ్చుకోకుండా చెప్పుల్లో ఉన్ని వేసుకుని గొర్రెల వెనక తిరిగేవాడట. చెమటకూ నడకకూ అది నెలకల్లా ముద్దకట్టి ముక్కు పగిలే కంపు కొట్టే అట్టయ్యేదట. "నువ్వు చేసేది ఆయప్ప చెప్పుల అట్టే. దానికి బెంగుళూరులో దీపం పెడతారా?" అంది. పెడతారన్నాను. ఫ్యాను సంగతీ, నాలుగు గంటల సంగతీ, గడప తొక్కవద్దన్న సంగతీ అన్నీ చెప్పాను. చేయనిదాన్ని చేశానని అన్నట్టు కూడా చెప్పాను. ఆమె అంతా విని, "అయితే తొక్కు" అంది.

చిక్కు కత్తెర దగ్గర వచ్చింది. కంబడికి, అంటే గొర్రె ఉన్ని కంబళికి, కత్తెర పెట్టకూడదు అని ఈరమ్మవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. వాళ్లు పండగకు నల్ల కంబడిని నాలుగు మడతలు వేసి దేవునికి గద్దె చేస్తారు. దానికి కత్తెర తగిలితే గద్దెకు పనికిరాదు. కత్తెర పెట్టకుండా ఆకులు రావు, ఆకులు రాకుండా వెలుతురు రాదు, వెలుతురు రాకుండా శారదమ్మ రాదు అని నేను మొత్తుకున్నాను. ఇది కంబడి కాదు, తొక్కుడు గుడ్డ అన్నాను. గొర్రెది అయినాక ఏదైనా కంబడే అంది.

ఇద్దరం సంగటి ముద్ద తింటూ ఆలోచించాం. సంగటి దిగినాక ఆమెకే తోచింది. లేచి పోయి, సగం తొక్కి ఆపిన గుడ్డను గోటితో గిల్లింది. ఇంకా పోగులు ఊడి వస్తున్నాయి.

"ఇది ఇంకా కంబడి కాల్యా. గొర్రె మీద ఉన్నప్పుడు కత్తెర పెడతాం గదా? ఇది ఇంకా గొర్రె కిందికే వస్తాది."

గొర్రె బొచ్చు కత్తిరించే పెద్ద కత్తెర తెచ్చింది. నాకు ఇవ్వలేదు. నేను తడి గుడ్డను మిట్ట, పల్లం, మిట్ట, పల్లం అని జపాను ఆవిడ చెప్పిన వరసలో మడిచి పట్టుకుంటే, గొర్రె కడుపు దగ్గర కత్తిరించేటంత మెల్లగా ఆమె చీల్చుకుంటూ పోయింది. మడతల మధ్య ధర్మవరం కవర్లు పెట్టి, గోనెలో చుట్టి, మడిచినది మడిచినట్టే మళ్లీ తొక్కాం. ఆమె గోడ పట్టుకుని, నేను ఆమెను పట్టుకుని. రెండు గంటల తరవాత చూస్తే కత్తెర పడిన అంచుల్లో ఒక్క వెంట్రుక ఊడడం లేదు. గాయం మానినట్టు అంచులు గుండ్రంగా మూసుకున్నాయి. నేను ఇన్నాళ్లూ గుడ్డ అంతా అయ్యాక మడిచాను, కోశాను. కాగితానికి అది సరే. ఉన్నికి గుడ్డ కాకముందే మడతా కోతా అయిపోవాలి. దేవుని గద్దె కోసం ఆమె పెట్టిన పేచీ లేకపోతే నాకు ఈ జన్మలో తెలిసేది కాదు.

మడత నిలవడానికి చింతగింజల గంజి పూసింది. కంబడి నేసేముందు ఉన్ని దారానికి పట్టించేది ఆ గంజే. పూసి, అంగుళం మందాన అణిచి, తాడు కట్టి, పైన రుబ్బురాయి ఎత్తిపెట్టింది.

శనివారం పదిన్నరకు తాకి చూస్తే ఇంకా తడి ఉంది. ఈరమ్మవ్వ సాయంత్రం దాకా రాయి తీయకూడదంది. తీస్తే మడత లేస్తుంది. నాకేమో పదకొండున్నరకు బండి.

"రాయి ఎత్తకపో" అంది.

రెండు మైళ్లు రుబ్బురాయి మోసే ఓపిక నాకు లేదు. దోవలో ఏదో ఒక రాయి దొరుకుతుందిలే అవ్వా అన్నాను. ఆమెకు నమ్మకం కుదరలేదు. ఆ పూట తాను పట్టాల పక్కనే గొర్రెలు తోలుతానని, పొద్దు వాలినాక నా బండి వచ్చేవేళకు స్టేషనులో ఉంటానని, అది నిలబడిందో పడిందో కిటికీలోంచే చెప్పాలని మాట తీసుకుంది.

బండి ముప్పావుగంట ఆలస్యంగా పన్నెండుంబావుకు వచ్చింది. ఎక్కగానే గోనెకట్ట సీటు మీద పెట్టి దానిమీద నేను కూర్చున్నాను. నా బరువు నలభై ఏడు కిలోలు. కట్ట కింద నుంచి ఉన్ని నన్ను పైకి నెడుతుండడం తెలుస్తూనే ఉంది. గాభరాగా పెట్టెంతా చూశాను. ఎదురుగా, ఇద్దరు కూర్చునే చోట ఒక్కడే, తెల్ల పంచె, తెల్ల చొక్కా, మెడకు తువ్వాలు, ప్రశాంతంగా కూర్చున్నాడు నారాయణప్ప. పేరు తరవాత తెలిసింది. ముదిగుబ్బ మనిషి. ధర్మవరంలో రైలెక్కి, చింతపండు బేరాలకు ప్రతి శనివారం హిందూపురం పోతాడు.

"అన్నా, ఒక సాయం" అన్నాను. "కొంచెం దీనిమీద కూర్చుంటారా?"

ఆయన కట్టనూ నన్నూ చూశాడు. "కోడిగుడ్లు లేవు గదా?"

"ఉన్ని."

"నన్ను జరగమంటారు, లేయమంటారు, రెండు టికెట్లు తీసుకోమంటారు" అన్నాడు మెల్లగా లేస్తూ. "కూర్చోమని అడిగిన మనిషివి నువ్వేనమ్మా."

కూర్చున్నాడు. కట్టలోంచి ఒక నిట్టూర్పు వచ్చింది. ఈరమ్మవ్వ రుబ్బురాయి దగ్గర కూడా అట్లాంటి చప్పుడు రాలేదు. తడిగా ఉందని ఆయన గుర్తుపట్టాడు. లేచిపోతాడనుకున్నాను. కానీ బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. "సల్లగా బాగుండాదే" అని ఇంకొంచెం సర్దుకున్నాడు.

ఒంటిగంటకు ఏదో చిన్న స్టేషనులో క్రాసింగుకు నిలిపారు. పెట్టె మొత్తం రైల్వేవాళ్లను తిట్టింది. నేనొక్కదాన్నే ఆ ఎదురుబండి మెల్లగా రావాలని మొక్కుకున్నాను. అయితే నారాయణప్ప వ్యాపారి. సరుకు అవసరం కొనేవాడి ముఖంలో కనపడితే ఏమవుతుందో ఆయనకూ తెలుసు. టీ తాగొస్తానని ఒక చెయ్యి సీటుకు ఆనించాడు. నేను పరిగెత్తి టీ తెచ్చాను. పావుగంటకు మళ్లీ చెయ్యి ఆనించాడు. చెనిక్కాయలు తెచ్చాను. తరవాత మజ్జిగ. తరవాత కీరకాయ, ఉప్పూ కారమూ అద్ది. ఐదోసారి ఆయన చెయ్యి కేవలం తువ్వాలు దులపడానికి కదిలిందని తెలిసేసరికి నా చేతిలో జామపండ్లు ఉన్నాయి.

మధ్యలో ఒకసారి నిజంగానే లేవాల్సి వచ్చింది. టాయిలెట్టు బేరానికి లొంగదు. గోరంట్ల ఆడవాళ్లిద్దరిని బతిమాలి, ఆయన వచ్చేదాకా ఒకరి పక్కన ఒకరిని కట్టమీద కూర్చోబెట్టాను. "ఏం మొక్కుబడి ఇది?" అని వాళ్లలో ఒకామె అడిగింది. దీపం మొక్కు అన్నాను. ఆమె కళ్లకద్దుకుని మరీ కూర్చుంది.

మూడుంబావుకు హిందూపురం. నారాయణప్ప లేచాడు. పంచె వెనక నల్లటి మరక పడిందని నేను చెప్పలేదు. ఆయన సంతకు, నేను ఆటోకు. దారంతా కట్టను ఒళ్లో పెట్టుకుని రెండు మోచేతులతో నొక్కుకుంటూ పోయాను. మూడు నలభైకి శారదమ్మ చెల్లెలింట్లో ఉన్నాను. తొట్టెల్లో బిడ్డ, హాల్లో నలభైమంది చుట్టాలు, పైన మూడు రెక్కల ఫ్యాను.

శారదమ్మ బల్ల ఖాళీ చేయించింది. నేను తాడు కోశాను. కవర్లు లాగాను. నల్లటి చెక్క ముక్కలాగా ఉంది. కదల్లేదు. మడత నిలబడాలని మొక్కుకుని, విచ్చుకోవాలని మొక్కుకోవడం మరిచిపోయానేమో అనుకున్నాను. రెండు చివర్లు పట్టుకుని మెల్లగా లాగాను. మిట్ట, పల్లం, మిట్ట, పల్లం, చాకు పెట్టి గీసినట్టు వరసగా తెరుచుకుంది. గుండ్రంగా తిప్పి బల్ల మీద పెడితే మూరెడు ఎత్తున నిలబడింది. హాలంతా గొర్రెల వాసన, చింతగింజల వాసన కలిసి పాకాయి. శారదమ్మ ఫ్యాను వేసింది. రెండు, మూడు, ఐదు. చుట్టాల కొంగులు లేచాయి. బల్ల మీది తాంబూలం ఆకులు లేచాయి. షేడ్ మీద ఒక్క పోగు కదల్లేదు. లోపల బల్బు పెడితే ఈరమ్మవ్వ కోసిన ఆకులు నలభైమంది ముఖాల మీద పడ్డాయి.

శారదమ్మ వేలితో ఒక మడత తడిమింది. "చేత్తో ఇంత గట్టిగా రాదు మేడం. ఏం మిషను? దుడ్లు ఎంత పెట్టినారు?"

చేత్తోనే అని ఉండొచ్చు. రాయి అని ఉండొచ్చు. కానీ చేతిపని అంటే ధర తగ్గిస్తారు, మిషను అంటే మర్యాద ఇస్తారు, ఇది అంగట్లో పుట్టినదానికి తెలియనిది కాదు.

"పెనుకొండ దగ్గర పెద్ద మిషనే ఉంది. నూటపది కిలోలు ఉంటుంది" అన్నాను. "శనివారం శనివారం నడుస్తుంది."

"కరెంటు ఖర్చు?"

"టీ ఖర్చంతే" అన్నాను. ఆమె నవ్వి, ముప్పైకి ఒప్పుకుంది. రేటు మార్చలేదు. తరవాత, వచ్చే నెల పెనుకొండ మీదుగా పోయేటప్పుడు ఆగి ఆ మిషను చూసి పోతానంది. కొరికిన బారసాల లడ్డు మళ్లీ పళ్లెంలో పెట్టేశాను.

అయిదు నలభై బండికి స్టేషను చేరి, టికెట్ తీసుకుని, ఇంజను వైపు నుంచి ఒక్కో పెట్టే వెతుక్కుంటూ పోయాను. నాలుగో పెట్టెలో ఉన్నాడు నారాయణప్ప. కొత్త పంచె కొన్నట్టున్నాడు. మిషను చెనిక్కాయలు ఒలుచుకుంటోంది.

ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. నూటపది దగ్గర ఆయన అడ్డం వచ్చి, నూట నాలుగే అని సరిదిద్దాడు. మిగతాదానికి అభ్యంతరం చెప్పలేదు. నెల రోజులు, ముప్పై కట్టలు, శనివారానికి ఏడెనిమిది, ఒకదాని మీద ఒకటి పేర్చి కూర్చోవాలి.

"ఏమిస్తావు?" అన్నాడు.

"టీ" అన్నాను.

ఆయన లేచి నిలబడ్డాడు. నిజంగానే నిలబడ్డాడు.

"టీ, చెనిక్కాయలు."

సగం కూర్చున్నాడు. ఆ సగంలోనే ఆగి, కిటికీ బయటికి చూస్తూ ఉన్నాడు. అట్లా ఎంతసేపు ఉండగలడో చూద్దామని నేనూ చూశాను. రైలు మలుపు తిరిగింది. నా ఓపిక ముందు తెగింది. మజ్జిగ, కీరకాయ, మధ్యాహ్నం భోజనం, పంచె చాకలి ఖర్చు. ఆయన పూర్తిగా కూర్చున్నాడు. సీటు నిట్టూర్చింది. కాళ్లు చాపుకుని, శారదమ్మ వచ్చే రోజుకు కొత్త చొక్కా కూడా కావాలన్నాడు, చూడ్డానికి వచ్చేది మిషనునే కాబట్టి. ఆమెకు అసలు సంగతి చెప్పేస్తాను లెండి అన్నాను. చెప్పు, కానీ చొక్కా మాత్రం కావాలన్నాడు.

ఈ దారిన పోయేవాళ్లకు ఇంకేం చెప్పను? మూడు ఊళ్లూ ఒక్క టికెట్ దూరంలో ఉన్నాయి. ధర్మవరంలో చీర కొనకుండా బయటపడొచ్చు, కవర్లు ఇస్తారు. పెనుకొండలో బేరమాడకండి. హిందూపురానికి బండి ఎప్పుడూ ఆలస్యం, దాన్ని తిట్టకండి, అది ఎవరి తడినో ఆరబెడుతూ ఉండొచ్చు.

ఆరున్నర దాటాక పెనుకొండ. రెండు నిమిషాలు ఆగుతుంది. ప్లాట్‌ఫారం చివర గొర్రెల్ని ఎవరికో అప్పగించి ఈరమ్మవ్వ పెట్టె పెట్టెకూ తొంగిచూస్తూ వస్తోంది. నేను కిటికీలోంచి చెయ్యి ఊపాను. ఆమె పరిగెత్తలేదు. వచ్చి కమ్మీ పట్టుకుని నా ముఖం చూసింది.

"నిలబడింది అవ్వా" అన్నాను. "ఫ్యాను ఐదు మీద పెట్టినా కదల్లేదు. ముప్పై కావాలంట."

ఆమె తల ఊపింది.  తరవాత తన రుబ్బురాయి లేకుండా మడత ఎట్లా అణిగిందో తెలుసుకోవాలన్నట్టు లోపలికి చూసింది. నేను ఎదుటి సీటు వైపు చెయ్యి చూపించాను. నారాయణప్ప చెనిక్కాయలు ఒలవడం ఆపి, పెద్దామె కదా అని రెండు చేతులూ జోడించాడు.

ఈరమ్మవ్వ ఆయన్ను తలనుంచి కాళ్ల దాకా, సంతలో పొట్టేలును చూసినట్టు, నిదానంగా చూసింది.

"రాయి బాగుండాది" అంది. "వదలద్దు."

బండి కదిలింది. ధర్మవరం వచ్చేదాకా నారాయణప్ప కొత్త షరతు ఒక్కటీ పెట్టలేదు.